పన్నెండో గడి

కుప్పం దాటి, రాళ్ళబాటలో ఆటో ఇంక రానని మొరాయించిన చోట
దిగి నడిచినా.
బండకొత్తూరు. నా బ్లాకులో ఆఖరి ఊరు.
సంచిలో జనాభా ఫారాలు,
ఇంటి గోడల మీద నంబర్లేసేదానికి ఎర్ర రంగు డబ్బా.

మొదటి ఇల్లు సొణ్ణప్పది.
"వయసెంత?"
"పచ్చరాయి క్వారీ తెరిచిన యేడు నాకు మీసాలొచ్చినాయి,
నువ్వే లెక్కేసుకో టీచరమ్మా."
"వృత్తి?"
దగ్గినాడు.
దగ్గు అయ్యేదాకా పెన్ను పట్టుకోని కూచున్నా.
ముందర ఉలీ సుత్తీ అంట, ఆపైన జాక్‌హామరు,
ఆపైన వజ్రపు పూసల తీగ వచ్చింది,
బండని వెన్నముద్ద మాదిరి కోస్తాదంట.
నలభై మంది చేసే పనికి నలుగురు చాలు.
ఆ నలుగురూ ఈ ఊరోళ్ళు కాదు.
"ఊపిరి తీసేది, ఇడిసేది. అదే ఇప్పుడు నా పని, రాసుకో" అన్నాడు.
పన్నెండో గడిలో 'పని లేదు' అని రాసినా.
రాసినాక సిగ్గయింది.

రేకుల షెడ్డులో ఏడుగురు, ఒకే పొయ్యి.
బిసికేశన్ నాకు కుర్చీ లేదని
డీజిల్ క్యాను బోర్లించి తువ్వాల పరిచినాడు.
"మా అమ్మ నన్ను ఒరిస్సాలో రాయించేసింది సార్,
ఈడ కూడా రాస్తే ఇద్దరం అయిపోతాం గదా?"
మూడేండ్లకే మన యాస పట్టేసినాడు, సార్ ఒక్కటే మారలేదు.
ఆ రెండోవాడు ఎట్లుంటాడో
ఇంటికాడ వరినాట్లు వేస్తా ఉంటాడేమో అని
వాళ్ళలో వాళ్ళు నవ్వుకున్నారు.

తర్వాత వరసగా తాళాలు.
నాలుగున్నర పాసింజరుకి బెంగుళూరు పోయిన ఇండ్లు అవి,
రాత్రి పదికి తిరిగొచ్చి, పండుకొని, మళ్ళా పోయే ఇండ్లు.
గడపలో కూచోని అనపకాయలు ఒలుస్తా మునికన్నమ్మ చెప్పింది:
"కోడలు ఆడ అపార్టుమెంట్లో వంటగట్టు తుడుస్తాది.
ఆ బండ మనూరిదే అంటాది.
ఎట్ల తెలుసే అంటే,
నీళ్ళు పడితే మన గుట్ట వాన్లో తడిసినట్టే ఉంటాదత్తా, అనింది."
సీనరేజీ యాడికో పోతాది, దుమ్ము ఈడ్నే ఉంటాది,
అని తనే అనుకోని, గింజలు చాటలో పోసింది.

కడగొట్టు ఇల్లు వెంకటగిరమ్మది.
పాలిష్ ఫ్యాక్టరీలో రోజుకూలి. చేతుల మీద గీతలు అరిగిపోయి
రేషన్ మిషను ఆమెని ఎవరో పరాయి మనిషి అంటాదంట.
మెట్టు ఎక్కబోయి ఆగినా.
నున్నగా, అద్దం మాదిరి నల్లరాయి.
దాని మీద సీమ అక్షరాలు, రెండు సంవత్సరాలు, నడుమ చిన్న గీత.
"సమాధిరాయి టీచరమ్మా. ఓడెక్కాల్సింది.
పేర్లో ఒక అక్షరం తప్పు చెక్కినారని తోసేసినారు.
నేనూ చెంగల్రాయుడూ తోపుడుబండిలో తెచ్చుకున్నాం."
"ఇంట్లో ఎంతమంది?"
"ముగ్గురం."
కాలి బొటనవేలితో మెట్టు చూపించింది:
"ఈయన్ని గూడా రాసుకో. పదేండ్లుగా ఈడ్నే ఉండాడు.
పొద్దన్నే ముగ్గు కూడా ఈయన మీదే."
నవ్వు వచ్చింది నాకు, ఆమెకి రాలేదు.
"మా ఆయన తలకాడ ఉత్త గుండు పెట్టినాం.
పేరు చెక్కమంటే, అక్షరానికింత అన్నారు.
ఆయన పేరు పొడుగు."

ఫారంలో చచ్చిపోయినోళ్ళకి గడి లేదు.
గుట్టకి ఎట్లా లేదు. గుట్ట ఉన్న చోట ఇప్పుడు గుంత,
ఎనభై అడుగుల నీళ్ళు,
అందులో ఎవురూ చేపలు కూడా పట్టరు.

రెండువందల పన్నెండు, నూటా అరవై, మళ్ళా రెండువందల పన్నెండు.
తాళాలు కలిపితే ఒక మొత్తం, తీసేస్తే ఒకటి.
సంతకం పెట్టేసినా.

బాటలోకొచ్చేసరికి లారీ.
రోడ్డు దిగి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నా.
గొలుసులేసి కట్టిన బండ మీద ఎర్రగా ఒక నంబరు,
నా డబ్బాలో రంగే.
సొణ్ణప్ప గోడ మీద నేనేసిన నంబరు లాగే అనిపించింది,
దుమ్ములో సరిగ్గా కనపళ్ళేదు.