గాడిద ఒకటి, బూడిద రంగు

అతను అడిగింది గాడిదని.
గుర్రాలన్నీ అప్పటికే పైకి వెళ్ళిపోయాయి,
కొన్ని దొర్లుకుంటూ కిందికొచ్చాయి.
మా కొట్టంలో మిగిలింది ఇదొక్కటే,
ఎడమ చెవి చిరిగింది, మాట వినదు.

"పేరేంటమ్మా?" అన్నాడు.
బుంగ్‌బూ అన్నాను.
మా లదాఖీలో ఆ మాటకి గాడిద అనే అర్థమని
ఎవరో చెప్పేదాకా
పేరనుకుని ఎంత మర్యాదగా పిలిచాడో దాన్ని.

లెఫ్టినెంట్ దేవేశ్ రౌతేలా.
కుమావూ కొండలవాడు. ఇరవైమూడేళ్ళు.
చలికి పగిలిన పెదవులు, నవ్వితే నెత్తురు,
అయినా నవ్వేవాడు, అదో మొండితనం.
నా ఎండు ఆప్రికాట్లు జేబు నిండా పోసుకుని
గింజల్ని తుపాకి మడమతో కొడుతుంటే కేకలేశాను:
"సర్కారు నీకు తుపాకిచ్చింది అందుకా?"
చేతులు వెనక్కి పెట్టుకున్నాడు, బడిపిల్లాడిలా.

అతని కుర్రాళ్ళలో ఒకడి బూట్లోకి మంచు దూరితే
తన మేజోళ్ళు విప్పి ఇచ్చేశాడు.
నా దగ్గర వేరే జత ఉందిలే అన్నాడు.
లేదు. దుప్పటి చింపి కాళ్ళకి చుట్టుకున్నాడు.
కుర్రాళ్ళకి తెలీదు. నాకు తెలుసు,
దుప్పటి నాది.

ఎదురుగా ఉన్న శిఖరాన్ని మేం ముసలమ్మ మోకాలంటాం.
వాళ్ళ పటంలో అది ఒక అంకె,
నాలుగువేల తొమ్మిదివందల చిల్లర.
ఆ చిల్లరలోనే మనుషులు పోతున్నారు.
"వెనకనుంచి దారుందా అమ్మా?"
ఉంది. మేకలకుంది.
పొయ్యి బూడిదలో పుల్లతో గీసి చూపించాను.
ఇక్కడ నీటిచార. ఇక్కడ పాకాలి.
ఇక్కడ కిందికి చూడకూడదు.
నేను గీసిన గీతమీదే వెళ్ళాడు.
ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనలేదు.

వెళ్ళేముందు రసీదు రాశాడు, వద్దన్నా వినకుండా.
బడిపంతులు చదివి వినిపించాడు తర్వాత:
గాడిద ఒకటి. బూడిద రంగు. ఎడమ చెవి చిరిగినది.
పని ముగిసిన వెంటనే యజమానురాలికి అప్పగించబడును.
సంతకం, తేదీ.
దాని కింద, ఏదో గుర్తొచ్చినట్టు,
"చాలా మంచిది."
గాడిదో, నేనో.

రెండు రాత్రులు కొండ దగ్గింది.
మూడోనాడు తెల్లారగట్ల ఆగింది.
ఆగాకే నాకు భయం పుట్టింది.

మొదట మెడగంట వినిపించింది. తర్వాత చిరిగిన చెవి.
దాని వీపుమీద అడ్డంగా, కంబళిలో చుట్టి,
తాడు రెండు పేటలు వేసి కట్టి.
కంబళి బయటికి ఒక పాదం.
పాదానికి నా దుప్పటి పీలిక.
శిఖరం దక్కిందన్నాడు సుబేదారు.
దెబ్బతిన్న ఇద్దర్ని ముందు దింపించి
బండ చాటున తనొక్కడే ఉండిపోయాడన్నాడు, తెల్లారేదాకా.
ఇంకా ఏదో చెబుతున్నాడు.
నేను గాడిద కాళ్ళు తడిమి చూస్తున్నాను.
ఒక్క గీరు లేదు.
రాసిన ప్రకారమే అప్పగించాడు.

లెక్కలు మూసెయ్యాలి, రసీదు తెమ్మని గుమాస్తా వచ్చాడు.
పోయిందన్నాను. అద్దె డబ్బులూ పోయాయి.

పదకొండేళ్ళకి ఓ అమ్మాయి వచ్చింది, హేమా, చెల్లెలు.
పతకం ఉందట ఇంట్లో. ఫొటోకి అద్దం మార్చారట.
"అన్నయ్య చేతిరాతే లేదు. ఉత్తరాలకి మహా బద్ధకం."
పెట్టె అడుగునుంచి తీసిచ్చాను.
గాడిద ఒకటి, అని పైకి చదివింది,
చిరిగిన చెవిదాకా వచ్చి పకపకా నవ్వింది.
మా చలికి ఆమె పెదవీ పగిలింది.

"ఇది నేను తీసుకెళ్ళనా?"
ఊరికే ఎలా ఇస్తాను. రసీదు రాసిమ్మన్నాను.
బుద్ధిగా కూర్చుని రాసింది:
కాగితం ఒకటి. మడతల దగ్గర చిరిగినది.
పని ముగిసిన వెంటనే

కలం అక్కడ ఆగింది.
"ఆ రాత్రి దారి ఎవరు చూపించారమ్మా?" అంది, తలెత్తకుండా.

పొయ్యిలో బూడిద ఎగదోస్తూ ఉండిపోయాను.