మోలిమో న్థూసే కనుమ

"దేవుడా, ఆదుకో" అని ఆ కొండదారి పేరు.
మాలెరాటో ఆ పేరు వింటే
"ముందు వెనక చక్రం విప్పు" అంటుంది.

డ్రమ్ము రాదు. తుప్పు పట్టిన పట్టుదల.
సుత్తితో చుట్టూ కొడుతుంది, కోపంగా కాదు,
నిద్రపోయేవాళ్ల తలుపు తట్టినట్టు.
లోపల నల్లటి దుమ్ము.
ఊదబోతే నా నోరు మూసి
తడిగుడ్డ అందుకుంది.

షూ రివెట్ల దాకా అరిగింది.
వీల్ సిలిండర్ రబ్బరు అంచున
చెమ్మ. ఒక్క చుక్క.
పోయిన చలికాలం పదహారు ఉన్ని బేళ్లతో
ఈ చుక్క మీదే దిగాం,
పాడుకుంటూ.

"రెండోవైపు అప్పుడే విప్పకు.
ఏ స్ప్రింగు ఎక్కడిదో మర్చిపోతే
అదే నీకు పుస్తకం."

నేను క్యాబిన్లో, ఆమె బండి కింద.
తొక్కు. పట్టు. వదలకు, వదలకు.
గొట్టంలో బుడగలు, ఇంకా బుడగలు,
ఆఖరికి తేనెరంగు ఆయిల్.
పెడల్ నా పాదానికి ఎదురు నిలిచింది
రాతినేలలా.

సాయంత్రం కనుమ దిగుతుంటే
ఆ పేరు పైకే అనేశాను.
అలవాటు.
మాలెరాటో ఏమీ అనలేదు.
మంచుగాలిలోకి తల బయటపెట్టి
వెనక చక్రం చప్పుడు వింటోంది.