పదిహేడో పేజీ

రెండు వారాలకోసారి గురువారం,
పడవ ఆలస్యమైతే శుక్రవారం,
నా పుస్తకాల బండి ఈ స్కాట్లండు దీవి చివరిదాకా వస్తుంది.
ఆపైన సముద్రమే. దానికి సభ్యత్వం లేదు.

మెట్టు జారుతుంది, చూసుకుని ఎక్కండి.
బూట్లు విప్పక్కర్లేదు.
గొర్రెల వాసనకి నేనెప్పుడో అలవాటు పడ్డాను,
పుస్తకాలూ పడ్డాయి.

ఏం చదవాలో తెలీదంటారా? మంచిది.
తెలిసినవాళ్ళతోనే నాకు పేచీ.

కింద, మోకాలెత్తు అరలో, పిల్లల కథలు.
పిల్లలకేనని ఎవరన్నారు?
పోస్టాఫీసులో ఉద్యోగం దొరికిన బాతు కథ ఒకటుంది,
ఉత్తరాలన్నీ పట్టుకెళ్ళి చెరువులో బట్వాడా చేస్తుంది.
ఎనిమిదేళ్ళ లాక్లన్ దాన్ని వాళ్ళ కుక్కకి చదివి వినిపించాడట,
రెండో అధ్యాయానికే కుక్క గుర్రు పెట్టిందట.
నా దగ్గరికొచ్చి ఫిర్యాదు చేశాడు,
పుస్తకం మీద కాదు, కుక్క మీద.
జలుబు చేసిన రోజుకీ
బ్యాంకు నుంచి కవరొచ్చిన రోజుకీ
ఆ బాతుని మించిన కషాయం లేదు.

నడుమెత్తు అరలో హత్యలు.
కంగారు పడకండి, మర్యాదస్తుల హత్యలు.
మొదటి పేజీలో ఒకాయన పోతాడు,
ఎవరికీ పెద్దగా గిట్టని మనిషే,
మూడో పేజీకల్లా టీ మరుగుతుంది.
రొట్టెల కొట్టాయన పిండి చేతులతోనే
వీధి వీధంతటి అబద్ధాలనీ జల్లెడ పడతాడు.
లోకంలో తేలని కేసులు బోలెడు.
ఇక్కడ మాత్రం రెండువందల నలభయ్యో పేజీకి
తేలి తీరుతుంది.
రాత్రి పదింటికి, గాలి తలుపు బాదుతుంటే,
అదేం చిన్న భరోసా కాదు.

పై అర నేను స్టూలెక్కి తీయాలి.
పాతకాలపు నవలలు.
ఒక ఉత్తరం చేరడానికి నలభై పేజీలు,
చెయ్యి చేతికి తగలడానికి మూడొందలు.
వాక్యం మొదలైనచోట వాన, ముగిసేచోట ఎండ.
డిసెంబరులో మాకు మూడున్నరకే పొద్దు వాలిపోతుంది.
అంత పొడుగు రాత్రిని
పొట్టి వాక్యాలతో ఎలా నెట్టుకొస్తారు చెప్పండి?

ఇంకో సంగతి.
పదిహేడో పేజీ తిప్పితే
మూలన పెన్సిలుతో గీసిన చిన్న పడవ కనిపించొచ్చు.
చదివేసిందే మళ్ళీ తీసుకెళ్ళకుండా
ఇక్కడ ఒక్కొక్కరికీ ఒక్కో గుర్తు.
ఒకరిది సున్నా, ఒకరిది చేపముల్లు.
రూలు ప్రకారం చెరిపెయ్యాలి,
ఆఫీసువాళ్ళు రబ్బరు కూడా ఇచ్చారు.

ఆ పడవ ఎవరిదో పదకొండేళ్ళు నాకు అంతుపట్టలేదు.
బాతు కథలో ఉండేది, హత్యలన్నిట్లో ఉండేది,
స్టూలెక్కితేగానీ అందని అరలో కూడా.
నేనూ దర్యాప్తు చేశాను.
లైటుహౌసులో పనిచేసి రిటైరైన టార్క్విల్‌ని అనుమానించాను.
ఆయన నొచ్చుకుని,
నాకిచ్చిన బిస్కెట్టు వెనక్కి తీసేసుకున్నాడు.

పోయిన చలికాలం యూఫీమియా కన్నుమూసింది.
"ఏదో ఒకటివ్వమ్మా" అనడం తప్ప
ఏ పుస్తకం గురించీ పెదవి విప్పని మనిషి.
మేనకోడలు నాలుగు పుస్తకాలు తెచ్చి అప్పజెప్పింది.
ఒకదాంట్లో సరుకుల చీటీ.
పాలు, పక్కన పడవ.
అగ్గిపెట్టెలు, పక్కన పడవ.
ఉన్ని దారం, నీలం రంగుది,
దాని పక్కన ఏమీ లేదు.

ఇప్పుడు టార్క్విల్ నన్నేమీ అడగడు.
"నెత్తురు లేనిదివ్వు" అని సతాయించేవాడు,
అదీ మానేశాడు.
నిలబడి పదిహేడో పేజీ తిప్పుతాడు,
పడవ ఉంటే చంకలో పెట్టుకుంటాడు,
లేకపోతే ఎక్కడిదక్కడ పెట్టేస్తాడు.
మొన్న ఒకదాంట్లో పడవ పక్కన
నిలువుగా ఒక గీత, దాని తలమీద చుక్క.
ఎవరిదని నేనడగలేదు.
బిస్కెట్టు తింటున్నాను.

రబ్బరా? ఎక్కడో పడిపోయింది.

ఇవిగో, మూడూ పట్టుకెళ్ళండి, అరకొకటి.
మీకూ ఒక గుర్తు కావాలిగా, పెన్సిలుంచుకోండి.
గడువు రెండు వారాలు.
పడవ ఆలస్యమైతే
ఇంకో రోజు.