ప్లైవుడ్ లెక్క

సిత్రల మా క్యాంపు. నేను టైమ్‌కీపర్ని.
అంటే కాలాన్ని కాపాడేటోన్ని కాదు,
కంపెనీకి ఎంత కావాల్నో అంతే కాలం రాసేటోన్ని.

నా రిజిస్టరు కడిగిన పళ్లెం తీరుగ ఉంటది.
అందరికీ ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది.
జులైల పన్నెండు నుంచి నాలుగు దాక విశ్రాంతి
అని ఏసీల కూసొని రాసిన.
కిటికీల నుంచి కనబడుతనే ఉన్నరు
తడిగుడ్డలు చుట్టి సలాకలు మోసేటోళ్లు.

నెలాఖరుకు జీతం చీటీలు నేనే చదివి చెప్పాలె.
మెస్సు కోత. వీసా కోత.
ఒక నెల, ఇతరములు: ఇరవై రెండు దినార్లు.
"ఇతరములంటే ఎవరు సారూ?" అన్నడు బోనగిరి లస్మయ్య.
అందరు నవ్విన్రు. నేనూ నవ్విన.
జవాబు నాకూ తెల్వది.

లస్మయ్యకు చదువు రాదు.
పండుకుంటే కండ్లకెదురుగ వచ్చే
పై మంచం ప్లైవుడ్ అడుగున
మొలతోని గీతలు. గంటకొకటి.
ఓటీకి అడ్డగీత.
"అమ్మ బీడీలు చేసేది సారూ.
సేటు కార్డు మీద ఎనిమిది వందలు రాస్తే
దర్వాజ మీద బొగ్గుతోని వెయ్యి గీసేది."
గెలిచిందా మరి?
"గెల్వలే. గని మర్వలే."

మొన్న తనిఖీకి ఒకాయన వచ్చిండు,
సన్నటి మనిషి, చెమటకు కండ్లద్దాలు జారుతున్నయి.
రిజిస్టరు మూడు నెలలు తిరగేసి
మెల్లగ అడిగిండు:
"నూట పది మందిల ఒక్కనికీ
ఒక్కనాడూ జ్వరం రాలేదా?"
మేనేజరు నా దిక్కు చూసిండు.
నేను గోడ దిక్కు.

ఆ రాత్రి స్క్రూడ్రైవర్ పట్టుకొని
పదకొండో నంబరు రూముకు పోయిన.
నాలుగు మరలు. ఒకటి తుప్పువట్టి గంటసేపు రాలే.
లస్మయ్య టార్చి పట్టిండు.
పై మంచం బిహారాయన ఏం అడగలే,
పరుపు గుంజుకొని నేల మీద ఒరిగిండు.

గీతలు లెక్కవెట్టినం. రెండు సార్లు తప్పినం.
మూడోసారి తేలింది:
నేను రాయని గంటలు, ఒక్క లస్మయ్యవే,
ఆరు వందల నలభై ఒకటి.

రేపు లేబర్ ఆఫీసు. బస్సుల దీన్ని ఎక్కనిస్తరో లేదో.
ఇది కాగితం కాదు పొమ్మంటరేమో.
అందుకని ఒక మూలకు రాద్దామనుకున్న:
ఈ లెక్క నిజం, నా రిజిస్టరు అబద్ధం,
కింద నా సంతకం.

పెన్ను చెక్క మీద పారలే.
"లస్మయ్యా," అన్న,
"ఆ మొల ఒకసారి ఇయ్యి."