మూడో అంశం

మొదటి అంశం భోజనాల లెక్క, రెండోది టెంట్ల అద్దె.
టీ చల్లారేలోపే తేలిపోయాయి రెండూ.
మూడోది మాత్రం
కిటికీలోంచి కనబడే ఆ బొగ్గు ఓడలాగా
పొద్దున్నుంచీ రేవు బయటే లంగరేసుకుంది:
శిక్షణ రోజుల్లో యూనిఫాం వేసుకోవాలా?

"ఆ దీర్ఘం తీసి గుడి పెట్టండి, అయిపోద్ది" అన్నారు
బొడ్డేటి నూకరాజు గారు.
పాతికేళ్ళు స్టీల్‌ప్లాంటు గేటు కాసిన మనిషి.
ఆయన చొక్కా ఇప్పటికీ ఆయనకంటే ఓ అడుగు ముందే
గదిలోకి వస్తుంది.
"యూనిఫాం లేని క్యాంపుకీ
రుషికొండ పిక్నిక్కుకీ ఏటండీ తేడా?"

హెప్సిబా నవ్వింది. మల్కాపురం పిల్ల, నిరుడే లీడరైంది.
"ఈ ఊరి ఉక్కలో ఆ పాలిస్టరు తొడుక్కుని
నాలుగు గంటలు కూర్చుంటే
పాఠం కాదు సార్, చెమటకాయలు గుర్తుంటాయి.
రెండో జత ఉన్నవాళ్ళు మధ్యాహ్నం మార్చుకుంటారు.
లేనివాళ్ళు రాత్రి ఉతికి
సముద్రం గాలికి ఆరేసి
పొద్దున్నే ఆ తడిదే తొడుక్కుని
అందరం ఒకటేనని జెండా కింద నిలబడతారు."

"మీరేమంటారు మేడమ్?"

నేనేమంటాను.
పదమూడేళ్ళప్పుడు, కంచరపాలెం బళ్ళో,
ఎవరో వదిలేసిన నీలం గౌను నాకు తొడిగి
నడుముకి బెల్టు బిగించింది మా టీచరు.
ఆ వేళ ర్యాలీలో నన్నెవరూ
ఏ పేట పిల్లవని అడగలేదు.
నా బిందెలో నీళ్ళు అందరూ తాగారు.
మర్నాడు మామూలు పరికిణీలో వెళ్తే
మళ్ళీ అడిగారు.
నూకరాజు గారూ,
ఆ బట్టకి మీకంటే నేనే ఎక్కువ బాకీ.

కానీ పోయిన అక్టోబరులో
ఎర్రమట్టి దిబ్బల పక్క సరుగుడు తోటలో క్యాంపు.
జాలారిపేట నుంచి ఒక కుర్రాడొచ్చాడు.
సాయంత్రాలు ఇరవై మంది పిల్లల్ని పోగేసి
తెప్పల నీడన లెక్కలు చెప్తాడట.
మనం నేర్పబోయిన పదకొండు ముడులూ
వాడి వేళ్ళు మనకంటే ముందే వేసి చూపించాయి,
మన పుస్తకంలో లేని ఇంకో మూడు కూడా.
యూనిఫాం తప్పనిసరి అని ఉత్తరంలో మనమే రాశాం.
ఎవరినో అడిగి తెచ్చుకున్నాడు.
జేబు మీద కుట్టిన పేరు: ఎస్. త్రినాథ్.

ఐదు రోజులు త్రినాథ్ అనే పిలిచాను.
పలికాడు.
త్రినాథ్, తాడు బిగించు. బిగించాడు.
త్రినాథ్, బాగా చెప్పావు. తల వంచుకున్నాడు.
ఆఖరి రోజు సర్టిఫికెట్లు రాసింది నేనే,
హాజరు పట్టీ తెరవకుండా,
జేబులు తలుచుకుంటూ.

రెండు చేతులా అందుకున్నాడు. చదువుకున్నాడు.
అందరూ బస్సెక్కాక వెనక్కి వచ్చాడు.
"ఈ పేరు చొక్కాదండీ. నాది గరికిన ఎల్లాజీ."
గొంతులో కోపం లేదు.
బదులు తెచ్చిన గిన్నె
ఏ ఇంటిదో చెప్పినట్టు చెప్పాడు.
నాకు మాట రాలేదు. పెన్ను మూత తీస్తూ నిలబడ్డాను.
వాడు మోచేతుల మీది ఎర్రమరకలు చూపించి
"ఇవి ఉతికితే పోతాయా అండీ?
రేపే తిరిగిచ్చేయాల" అన్నాడు.
వాడి బెంగంతా అదే.

ఇదేదీ మీటింగులో చెప్పలేదు.
"ఆలోచిద్దాం" అన్నాను, అంతే.
నూకరాజు గారు గడియారం చూసుకున్నారు.
హెప్సిబా నన్ను చూసింది.

మినిట్స్ రాసే పని నాది.
రాత్రి బాల్కనీ దండెం మీద
నా యూనిఫాం ఇంకా ఆరలేదు.
కాలరు పట్టుకుంటే వేళ్ళకి ఉప్పు తగిలింది.
రేపు వేసుకుంటాను. నేనైతే వేసుకుంటాను.
కాగితం మీద మాత్రం
ఆ దీర్ఘాన్ని కదపలేదు.
కింద ఒక్క వాక్యం చేర్చాను,
దానికి అంశం నంబరు లేదు:

చొక్కాలు చూసి పేర్లు రాయరాదు.