బెత్తెడు

ఉంగేని స్టేషన్లో
నా పని రైలు చక్రాలు మార్చడం.
కిషినావు నుంచి రాత్రి బండి వస్తుంది.
పెట్టెల్ని ఒక్కొక్కటిగా విడదీసి
జాకీలెత్తి
మనుషులతో సహా గాల్లో నిలబెడతాం.
కింద ఇనుము మారుతుంటే
పైన ఎవరి పసిబిడ్డో ఒత్తిగిలి
మళ్లీ నిద్రపోతుంది.

మా పట్టాలకీ రుమేనియా పట్టాలకీ
వెడల్పులో తేడా బెత్తెడు.
నాలుగు వేళ్లు చేర్చి చూపిస్తే
కొత్తగా చేరిన లియోంతియె నమ్మలేదు.
"ఇంతేనా?"
ఇంతే. ఇంతకే రెండు గంటలు.

మొన్నొక పెద్దాయన కిటికీ దించి
పైనుంచి అన్నాడు:
"మనది ఒకే జాతి తమ్ముడూ,
ఒకే నెత్తురు, ఒకే నుడి."
చేతినిండా గ్రీజు, పళ్ల మధ్య నట్టు.
తలూపాను.
అది అవునో కాదో ఆయనకి తెలియలేదు.
నాకూ.

మా నాయనమ్మ అక్క పరస్కీవాది అవతలి ఒడ్డు.
ప్రూత్ నది వెంట ముళ్లకంచె పడ్డాక
పలకరింపు నేరమైంది.
ఇద్దరూ బట్టలుతికే వేళ ఒకటే చేసుకుని
ఏడుపు రాగంలో కబుర్లు పంపుకునేవారు:
ఆవు ఈనింది,
నాన్న పోయాడు,
ఉప్పు దొరకడం లేదు.
కాపలా సిపాయి రష్యావాడు,
పాటనుకుని ఊరుకునేవాడు.

దారి తెరిచిన ఏడాది
పరస్కీవా వంతెన దాటి వచ్చింది.
నలభై ఆరేళ్లకి కావలించుకుని
ఒకరి వీపు ఒకరు తడుముకున్నారు,
పారేసుకున్నదేదో వెతుకుతున్నట్టు.
మూడో రోజుకే పోట్లాట.
మొక్కజొన్న సంకటి ఎంత గట్టిగా ఉండాలి,
చివరి రోజుల్లో నాన్నని ఎవరు చూశారు,
మన మాటకి పేరేమిటి.
"నువ్వు మాట్లాడేది రుమేనియనే" అంది అక్క.
"నేను మాట్లాడేది నాది" అంది నాయనమ్మ.
ఆ తగువంతా
ఒక్క ముక్క తర్జుమా అక్కర్లేకుండా సాగింది.
వెళ్లేటప్పుడు మళ్లీ ఏడ్చారు,
ఈసారి రాగం లేకుండా.

కొత్త పట్టాలు వేస్తారని ఏటా అంటారు.
వేస్తే నా ఉద్యోగం పోతుంది.
"అప్పుడు మనమూ వాళ్లూ ఒకటేనా?"
అడిగాడు లియోంతియె.
నాలుగు వేళ్లూ చాపి చూసుకున్నాను.
గోళ్ల సందుల్లో నల్లనూనె,
ఈ చక్రాలదీ ఆ చక్రాలదీ.
ముప్ఫై ఏళ్లుగా తోముతున్నా
ఏది ఎటువైపుదో సబ్బుకి అంతు చిక్కలేదు.

"ముందు ఆ జాకీ మెల్లగా దించు" అన్నాను.
"లోపల జనం నిద్రపోతున్నారు."