ఆరు సంతకాలు

శ్రీకాకుళంలో వాన. రెండో సంవత్సరం తరగతి.
కిటికీ అవతల నాగావళి ఎర్రగా, తొందరగా పోతోంది.
బోర్డు మీద పుట్టిన సంవత్సరం రాశాను, పోయిన సంవత్సరం రాశాను,
మధ్యలో ఓ గీత గీశాను.
ఆ గీతలోనే ముప్పై చిల్లర నాటకాలు,
పద్నాలుగు పాదాల పద్యాలు నూట యాభై నాలుగు,
పదకొండేళ్లకే మట్టిలో కలిసిన ఓ కొడుకు.

"మేడమ్, ఇది ఎన్ని మార్కులకొస్తాది?"
వెనక బెంచీ నుంచి పువ్వల హేమసుందర్.
ఐదు, అన్నాను.
ఐదు మార్కులకి సరిపడా చెప్పాను:
చిన్న ఊరు, ఊరి పక్కన ఏరు,
పద్దెనిమిదేళ్లకే పెళ్లి, ఆమె ఎనిమిదేళ్లు పెద్దది,
తెగులొచ్చి మూసేసిన నాటకశాలలు,
ఫిరంగి పేలిస్తే గడ్డికప్పు అంటుకుని తగలబడ్డ రంగస్థలం,
మీసం మొలవని కుర్రాళ్లు కట్టిన రాణి వేషాలు.
"మా ఊరి భాగోతంలో మా చిన్నాన్నదీ ఆడేషమే మేడమ్,
మీసాలు గీసేసి మరీ కడతాడు."
తరగతంతా గొల్లుమంది. నేనూ.

భార్యకి వీలునామాలో
ఉన్నవాటిలో రెండో మంచి మంచం రాశాడన్నాను.
బూర్జ నుంచి వచ్చే కళావతి తలెత్తింది.
"మొదటి మంచం ఎవులికిచ్చినాడు?"
తెలీదమ్మా. నిజంగానే తెలీదు.

అన్నీ చెప్పాను గానీ
వాళ్ల నాన్న ఏం పని చేసేవాడన్న దగ్గర
గొంతు ఓ క్షణం ఆగింది.
తోలు.
నానబెట్టి, గీకి, కోసి,
దొరల చేతులకి తొడుగులు కుట్టేవాడు.
పుస్తకంలో లేదు ఆ వాసన.
నాకు తెలుసు.
తంగేడు చెక్క నానిన నీళ్లది,
ఏడు రోడ్ల కూడలిలో చిరుగు గొడుగు కింద
ఆరె పట్టుకు కూర్చున్న మా నాన్న గంగులు చేతులది,
ఆదివారం ఎంత తోమినా పోనిది.

స్టాఫ్ రూములో పరాంకుశం గారు,
రిటైరవడానికి ఆర్నెల్లుంది, మంచివారే,
వానకి తడుస్తానని తన గొడుగు నా చేతిలో పెట్టి,
"అసలవన్నీ వాడే రాశాడంటావా?
కాలేజీ గడప తొక్కలేదు, తోలుపని వాడి కొడుకు.
రాజుల గుట్లు, కోర్టు మాటలు వాడికెలా తెలుస్తాయి చెప్పు?
వెనక ఎవరో జమీందారు ఉండే ఉంటాడు."

టీ మీద మీగడ కట్టింది.

తొమ్మిదో తరగతిలో నాకు ఇంగ్లీషులో తొంభై ఒకటి.
హెడ్మాస్టరు గది. బల్ల మీద నా జవాబు పత్రం.
"ఎవరు రాసిచ్చారే?"
కొట్టలేదు, తిట్టలేదు. నవ్వుతూనే అడిగారు.
మర్నాడు నాన్న వచ్చాడు,
తను కుట్టుకున్న చెప్పులు గుమ్మం బయటే విడిచి.
"నా గుంటకి నానేటి రాసిస్తాను బాబూ,
నాకు నా పేరే సరిగ్గా రాదు."
ఆ రానిపేరే రాయించుకున్నారు, ఓ తెల్లకాగితం మీద,
ఎందుకో ఇప్పటికీ తెలీదు.

రాత్రి ట్రంకుపెట్టె తీశాను.
ప్రోగ్రెస్ కార్డులు ఆరు.
గంగులు. గగులు. గంగ్లు.
ఒకచోట సున్నా పేరు దాటి పక్క గడిలోకి దొర్లిపోయింది.
ఒకదాని పోలిక ఒకదానికి లేదు.

అతనివీ ఆరే మిగిలాయట,
వణికిన చేతివి, ఒక్కోచోట ఒక్కో రకంగా.
పేరే కుదురుగా రాయలేనివాడు ఇన్ని ఎలా రాశాడని
వాటినే సాక్ష్యానికి పిలుస్తారు ఇంకా.

పరాంకుశం గారికి ఏం చెప్పాలో తోచలేదు.
ఆయన గొడుగు మూలన నీళ్లు కారుతోంది,
దారిలో గాలికి ఓ పుల్ల దగ్గర కుట్టు విడింది.
నాన్న సూది తీశాను, మైనం పూసిన దారం,
పంటితో తెంపాను, ఆయనలాగే.
కుట్టు బాగానే వచ్చింది.
రేపు తిప్పి తిప్పి చూసి అడుగుతారు,
ఎవరిచేత కుట్టించావమ్మా, అని.